దొంగలు దొరక్కపోయినా పరిహారం వస్తుందా? కత్తిగాటుతో చెయ్యి దెబ్బతిన్న అక్క గురించి అడిగినవారికి

ముందు మీ ప్రశ్న క్లుప్తంగా రాస్తాను, మిగతావాళ్ళకీ అర్థమవుతుంది. మీది భీమవరం దగ్గర పల్లె. మీ అక్క రొయ్యల ప్లాంటులో పీలింగ్ పనికి వెళ్తుంది. రెండో షిఫ్ట్ అయ్యాక ప్లాంటు వ్యాను మెయిన్ రోడ్డు మీద దింపేసింది. అక్కడి నుంచి కాలువ గట్టు మీద నడిచి వస్తుంటే బైకు మీద ఇద్దరు వచ్చి మెళ్ళో గొలుసు లాగారు. ఆమె వదల్లేదు, కుడి మణికట్టు మీద కత్తితో కోసి పోయారు. ప్రైవేటు ఆస్పత్రిలో ఆపరేషన్‌కి, మందులకి 2,40,000 అయింది. అంతా నూటికి మూడు రూపాయల వడ్డీకి తెచ్చారు. రెండు నెలలైనా దొంగల జాడ లేదు. స్టేషన్‌లో అడిగితే "వాళ్ళు దొరకనివ్వండి, అప్పుడు చూద్దాం" అన్నారు. ప్లాంటు మేనేజరు 20 వేలు ఇస్తాం, కాగితం మీద సంతకం పెట్టండి అంటున్నాడు. ఊళ్ళో ఒకాయన "కోర్టు నుంచి 5 లక్షలు ఇప్పిస్తా, ఇరవై శాతం నాది" అంటున్నాడు. ప్రభుత్వం నుంచి నిజంగా ఏమైనా వస్తుందా, ఎవరిని అడగాలి అని మీరు అడిగారు.

నేను ఈ జిల్లా కోర్టుల్లో చాలా ఏళ్ళుగా వకీలుగా ఉన్నాను. ఉచిత న్యాయ సహాయం అందించే న్యాయ సేవాధికార సంస్థ ప్యానెల్లోనూ పనిచేశాను. నాకు తెలిసినంత వరకు వివరంగా చెప్తాను.

వస్తుందండి. దొంగలు దొరకాల్సిన పని లేదు. కేసు కోర్టుకి రావాల్సిన పని కూడా లేదు. క్రిమినల్ కేసులు నడిపే పద్ధతి చెప్పే పాత చట్టం సీఆర్‌పీసీలో 357ఎ సెక్షన్ ఉండేది. 2024 జూలై 1 నుంచి, దాని స్థానంలో వచ్చిన బీఎన్ఎస్ఎస్‌లో అది 396 అయింది. అందులో నాలుగో ఉపసెక్షన్ అచ్చంగా మీలాంటి వాళ్ళ కోసమే పెట్టారు. నేరం చేసినవాడెవడో తెలియక, కోర్టులో విచారణ జరగకపోయినా, బాధితులో వాళ్ళ మీద ఆధారపడినవాళ్ళో నేరుగా జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు దరఖాస్తు పెట్టుకోవచ్చు. ఆ సంస్థ విచారణ జరిపి రెండు నెలల్లో తేల్చాలని కూడా అందులోనే ఉంది. దొంగలు దొరకలేదన్న మాట విని మీరు ఇంటికి వచ్చేశారు. నిజానికి ఆ మాటే మీ దరఖాస్తుకి ఆధారం.

స్టేషన్‌లో అలా ఎందుకన్నారంటే, వాళ్ళ దృష్టిలో కేసంటే ముద్దాయి. ముద్దాయి దొరికితే రికవరీ, ఛార్జ్‌షీట్, తర్వాత కోర్టు. బాధితులకు ఇచ్చే పరిహారం పోలీసు పని కాదు, అది న్యాయ సేవాధికార సంస్థ పని. ఇంకో సంగతి కూడా ఉంది. యాసిడ్ దాడి, అత్యాచారం, వరకట్న చావు లాంటి కొన్ని నేరాల్లో ఎఫ్ఐఆర్ కాపీని ఆ సంస్థకు పంపడం స్టేషన్ ఆఫీసరు బాధ్యత అని 2018 నాటి జాతీయ పథకంలో రాశారు. గొలుసు దోపిడీ ఆ జాబితాలో లేదు. కాబట్టి మీ అక్క ఫైలు దానంతట అది ఏలూరులోని ఆ సంస్థకు వెళ్ళదు. మీరు కదిలిస్తేనే కదులుతుంది.

మన రాష్ట్రం ఈ విషయంలో ఆలస్యంగా మేల్కొందని కూడా చెప్పాలి. 357ఎ సెక్షన్ 2009 చివర్లో అమల్లోకి వచ్చింది. ప్రతి రాష్ట్రం తన పథకం తాను రాసుకోవాలి. 2014 నవంబరులో హర్యానా కేసు ఒకదాంట్లో తీర్పు ఇస్తూ సుప్రీంకోర్టు, ఇంకా పథకం ప్రకటించని రాష్ట్రాలు నాలుగు ఉన్నాయని గుర్తించి నెలలో ప్రకటించమంది. ఆ నాలుగింటిలో మనదీ ఉంది, తెలంగాణా ఉంది. అలా 2015లో ఆంధ్రప్రదేశ్ పథకం వచ్చింది. తర్వాత ఆడవాళ్ళ విషయంలో దేశమంతా ఒకే కొలత ఉండాలని నల్సా, అంటే జాతీయ న్యాయ సేవాధికార సంస్థ, ఒక పథకం తయారు చేసింది. సుప్రీంకోర్టు ఆమోదంతో 2018 అక్టోబరు 2 నుంచి అది అమల్లో ఉంది. రాష్ట్రాలు అంతకన్నా ఎక్కువ ఇచ్చుకోవచ్చు, తక్కువ ఇవ్వకూడదు. మీ అక్కకు వర్తించేది ఇదే. మగవాళ్ళయితే 2015 పథకం కింద పెట్టాలి, దాని పట్టిక వేరు.

ఎంత వస్తుందన్న దాని మీద ఆశలు అదుపులో పెట్టుకోవడం మంచిది. ఐదు లక్షలు ఇప్పిస్తానన్న పెద్దమనిషి ఆ అంకె ఎక్కడి నుంచి తెచ్చాడో నాకు అర్థం కాలేదు. నల్సా పట్టికలో శరీర భాగం పోయి 80 శాతం, ఆపైన శాశ్వత వైకల్యం వస్తే 2 నుంచి 5 లక్షలు. 40 నుంచి 80 శాతం మధ్య అయితే 2 నుంచి 4 లక్షలు. 20 నుంచి 40 అయితే 1 నుంచి 3 లక్షలు. 20 లోపు అయితే 1 నుంచి 2 లక్షలు. వైకల్యం లేకుండా తీవ్రమైన గాయం, లేదా చికిత్స అవసరమయ్యే మానసిక దెబ్బ అయితే 1 నుంచి 2 లక్షలు. ఒక చేతి మణికట్టు దగ్గర టెండన్లు (కండరాన్ని ఎముకకి కలిపే తాళ్ళలాంటివి) తెగి, కుట్టాక వేళ్ళు సగమే ముడుచుకుంటున్నాయని రాశారు. ఇది మధ్య మెట్లలో ఎక్కడో పడుతుంది. కనీసానికీ గరిష్ఠానికీ మధ్య ఎక్కడ ఆపాలన్నది గాయం తీవ్రత, వైద్యం ఖర్చు, పోయిన సంపాదన, ఇంటి పరిస్థితి, ఎంతమంది ఆమె మీద ఆధారపడ్డారు అన్నవి చూసి నిర్ణయిస్తారు. ఇవన్నీ కాగితం మీద కనపడాలి. కనపడకపోతే పట్టికలోని కనీస మొత్తమే రాసి పంపేస్తారు, వాళ్ళ తప్పు కూడా కాదు.

అందుకని డబ్బంతా ఆధారపడేది దొంగ మీద కాదు, గాయం రాసిన కాగితం మీద. ఇది మాత్రం గట్టిగా పట్టుకోండి.

మొదటిది ఎఫ్ఐఆర్. ఫిర్యాదు ఇచ్చినవాళ్ళకు కాపీ ఉచితంగా ఇవ్వాలి, మీ దగ్గర లేకపోతే అడిగి తీసుకోండి. దాంట్లో ఏ సెక్షన్లు వేశారో చూడండి. గొలుసు లాక్కుపోయిన కేసుల్లో ఒక్కోసారి బీఎన్ఎస్ (ఐపీసీ స్థానంలో వచ్చిన కొత్త చట్టం) 304 మాత్రమే వేస్తారు, అది స్నాచింగ్. కత్తితో కోసి మరీ లాక్కుంటే అది దోపిడీ, 309 రావాలి. గాయం తీవ్రమైనది కాబట్టి 311 కూడా పడాలి, దానికి ఏడేళ్ళకు తగ్గని శిక్ష ఉంది. సెక్షన్ చిన్నదైతే పరిహారం ఇచ్చేచోట "ఇది చిన్న కేసు" అన్న అభిప్రాయం పడుతుంది. ఎఫ్ఐఆర్ రాసిన రాత్రి డాక్టరు అభిప్రాయం ఇంకా రాలేదు కాబట్టి చిన్న సెక్షన్ వేసి ఉండవచ్చు, అందులో వింతేమీ లేదు. డాక్టరు సర్టిఫికెట్ వచ్చాక సెక్షన్ మార్చమని కోర్టుకి మెమో వేయడం దర్యాప్తు అధికారికి రోజూ చేసే పనే. రాతపూర్వకంగా అడగండి, అర్జీ కాపీ మీద స్టేషన్ ముద్ర వేయించుకోండి.

రెండోది ఊండ్ సర్టిఫికెట్, అంటే గాయం గురించి డాక్టరు ఇచ్చే ధృవపత్రం. నా అనుభవంలో సగం దరఖాస్తులు నీరసపడేది ఇక్కడే. మీరు మొదట ప్రభుత్వ ఆస్పత్రికి తీసుకెళ్ళి, కట్టు కట్టించి, అక్కడ మెడికో లీగల్ కేసుగా, అంటే పోలీసు కేసుకి సంబంధించిన గాయంగా రాయించుకుని, తర్వాత ప్రైవేటుకి మార్చామన్నారు. మంచి పని చేశారు. అయితే ఆ మొదటి ఆస్పత్రి డ్యూటీ డాక్టరు చూసింది రక్తం కారుతున్న గాటు మాత్రమే. ఆయన రాసేది ఇలా ఉంటుంది: కుడి మణికట్టు మీద ఇన్ని సెంటీమీటర్ల కోత గాయం, అభిప్రాయం రిజర్వ్ చేయడమైనది (అంటే తర్వాత చెప్తాం). లోపల ఎన్ని టెండన్లు తెగాయో తెలిసింది ఆపరేషన్ థియేటర్లో, అంటే ప్రైవేటు ఆస్పత్రిలో. ఆ ఆపరేషన్ నోట్స్ పోలీసుల ద్వారా మొదటి డాక్టరుకి చేరితేనే ఆయన తుది అభిప్రాయం ఇస్తాడు. చేరకపోతే సర్టిఫికెట్‌లో గాయం "సింపుల్" అని మిగిలిపోయే ప్రమాదం ఉంది. కాబట్టి ప్రైవేటు ఆస్పత్రిలో డిశ్చార్జి సమ్మరీ ఒక్కటే కాదు, ఆపరేషన్ నోట్స్ కూడా అడగండి. బిల్లు పూర్తిగా కట్టారు కదా, ఇవ్వాల్సిందే. ఒక జిరాక్స్ దర్యాప్తు అధికారికి ఇచ్చి, ఒకటి మీ దగ్గర ఉంచుకోండి.

తీవ్రమైన గాయమంటే చట్టంలో ఎనిమిది రకాలు చెప్పారు. ఏదైనా అవయవం శక్తి శాశ్వతంగా తగ్గిపోవడం ఒకటి. పదిహేను రోజులపాటు మామూలు పనులు చేసుకోలేకపోవడం ఇంకొకటి. పాత చట్టంలో ఇది ఇరవై రోజులు ఉండేది, కొత్త బీఎన్ఎస్‌లో పదిహేనుకి తగ్గించారు. మీ అక్క రెండు నెలల నుంచి పనికి వెళ్ళలేదు కాబట్టి ఈ ఒక్క లెక్కతోనే గాయం తీవ్రమైనదవుతుంది. ప్లాంటు హాజరు రిజిస్టరు జిరాక్సో, కనీసం సూపర్‌వైజరు ఇచ్చే రాతకాగితమో దొరికితే తీసుకోండి.

మూడోది సదరం సర్టిఫికెట్. గ్రామ సచివాలయంలో స్లాటు బుక్ చేసుకుంటే ఆస్పత్రిలో మెడికల్ బోర్డు చూసి వైకల్యం శాతం ఇస్తుంది. దీనికి మాత్రం తొందరపడొద్దు. ఫిజియోథెరపీ నడుస్తుండగానే వెళ్తే "ఇంకా మారే అవకాశం ఉంది" అని వెనక్కి పంపవచ్చు, లేదా తాత్కాలికమని రాయవచ్చు. ఆపరేషన్ చేసిన డాక్టరు ఇక ఇంతకన్నా మెరుగుపడదని రాసిచ్చాక వెళ్ళండి. ఈలోగా ఫిజియోథెరపీ మానిపించకండి. సర్టిఫికెట్లో శాతం ఎక్కువ రావాలని వ్యాయామం మానేయమని సలహా ఇచ్చే మహానుభావులు మన ఊళ్ళలో ఉన్నారు. లక్ష రూపాయల తేడా కోసం జన్మంతా పనికొచ్చే చెయ్యి పోగొట్టుకోవడం కన్నా తెలివితక్కువ పని ఇంకోటి లేదు. 40 శాతం దాటితే మాత్రం ఎన్టీఆర్ భరోసా కింద నెలకు 6,000 పింఛనుకి కూడా దరఖాస్తు చేసుకోవచ్చని గుర్తుంచుకోండి.

సదరం రాలేదని పరిహారం దరఖాస్తు ఆపకండి. ఇప్పుడే పెట్టండి. వైకల్యం ధృవపత్రం తర్వాత దాఖలు చేస్తామని అందులోనే రాయండి. గడువు మామూలుగా మూడేళ్ళు, సరైన కారణం ఉంటే ఆలస్యాన్ని మన్నించవచ్చు కూడా. కానీ మీరు ఆలోచించాల్సింది గడువు గురించి కాదు, వడ్డీ గురించి. 2,40,000 మీద మూడు రూపాయల వడ్డీ అంటే నెలకి 7,200. ప్లాంటు జీతంలో అది పెద్ద ముక్క.

ఎక్కడ పెట్టాలంటే, జిల్లాలు 2022లో విడిపోయి భీమవరం కొత్త జిల్లా కేంద్రమైనా, కోర్టుల లెక్కలో మీది ఉమ్మడి పశ్చిమ గోదావరే. జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఏలూరు జిల్లా కోర్టు ఆవరణలో ఉంది. గోదావరికి అటు గట్టు వాళ్ళకి, అంటే అమలాపురం, రాజోలు, కాకినాడ వైపు వాళ్ళకి రాజమహేంద్రవరం. మీరు ముందే ఏలూరు పరిగెత్తక్కర్లేదు. భీమవరం కోర్టులోనే మండల న్యాయ సేవా కమిటీ ఉంటుంది. అక్కడ పారా లీగల్ వాలంటీర్ ఫారం నింపడంలో సాయం చేస్తారు, కాగితాలు ఏలూరు పంపిస్తారు. ముందు ఫోన్ చేయాలనుకుంటే 15100, డబ్బులు పడవు. ఆడవాళ్ళకు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచిత న్యాయ సహాయం చట్టప్రకారం హక్కు. కోర్టు ఫీజు లేదు, వకీలు ఫీజు లేదు.

కావలసినవి ఎఫ్ఐఆర్ కాపీ, ఊండ్ సర్టిఫికెట్ (ఇంకా రాకపోతే దాని కోసం పెట్టిన అర్జీ కాపీ), డిశ్చార్జి సమ్మరీ, ఆపరేషన్ నోట్స్, ఒరిజినల్ బిల్లులు, ఆధార్, రేషన్ కార్డు, ఆమె ఒక్కదాని పేరు మీద ఉన్న బ్యాంకు పాస్‌బుక్, ఇంకెక్కడా ఈ నేరానికి పరిహారం తీసుకున్నారో లేదో చెప్పే అఫిడవిట్. బ్యాంకు విషయంలో ఒక మాట. డ్వాక్రా అప్పో పంట అప్పో బాకీ ఉన్న ఖాతా ఇవ్వకండి. పడిన డబ్బు వాయిదా కింద జమ చేసుకుంటే మళ్ళీ వెనక్కి తెప్పించడానికి వేరే యుద్ధం చేయాలి. పోస్టాఫీసులోనో మరో బ్యాంకులోనో ఆమె పేరున జీరో బ్యాలెన్స్ ఖాతా తెరిపించి ఇవ్వండి. అఫిడవిట్‌లో మాత్రం ఏదీ దాచొద్దు. అబద్ధం అని తేలితే ఇచ్చింది వెనక్కి వసూలు చేసే అధికారం వాళ్ళకుంది.

ఫారంలో "జరిగిన సంఘటన, గాయం వివరాలు" అని ఖాళీ ఉంటుంది. చాలామంది అక్కడ "దొంగలు కొట్టగా చేతికి గాయమైనది, దయచేసి ఆదుకోగలరు" అని ఒక వాక్యం రాసి ఊరుకుంటారు. ఆదుకోమని వేడుకోవడం వల్ల ప్రయోజనం లేదు, అది దానం కాదు. ఇలా రాయించండి:

"నేను రొయ్యల ప్లాంటులో పీలింగ్ పని చేస్తాను. ఆ పనికి కుడిచేతి బొటనవేలు, చూపుడువేలు కీలకం. గాయం తర్వాత ఆ రెండు వేళ్ళు దగ్గరకు రావడం లేదు. చెంబు పట్టుకోలేను, జడ వేసుకోలేను, అన్నం ఎడమచేత్తో తింటున్నాను. సంఘటన జరిగిన రోజు నుంచి పనికి వెళ్ళలేదు. నెలకు వచ్చే జీతం ఇంత. నా మీద ఇద్దరు పిల్లలు, అత్తగారు ఆధారపడి ఉన్నారు. వైద్యానికి 2,40,000 అప్పు చేశాము, ప్రామిసరీ నోటు కాపీ జత చేశాము. ముద్దాయిల ఆచూకీ ఇంతవరకు తెలియలేదు. బీఎన్ఎస్ఎస్ 396(4) కింద పరిహారం, 396(6) కింద తక్షణ సాయం కోరుతున్నాను."

పట్టికలో కనీసానికీ గరిష్ఠానికీ మధ్య ఆమెను పైకి జరిపేవి ఇలాంటి వివరాలే. జతగా రెండు ఫోటోలు, గాయం ఉన్నప్పటిదొకటి, ఇప్పుడు వేళ్ళు ముడిచినా ముడవని స్థితిది ఇంకోటి.

తక్షణ సాయం అన్నారు కదా, అది వేరుగా అడగాలి. దరఖాస్తు అందగానే 5 వేలు, అవసరాన్ని బట్టి 10 వేల వరకు వెంటనే ఇచ్చే వీలు నల్సా పథకంలో ఉంది. ఆపైన మధ్యంతర సాయం మంజూరు చేస్తే అది ఆ గాయానికి ఉన్న గరిష్ఠ మొత్తంలో నాలుగో వంతుకి తగ్గకూడదు. ఇవి అడక్కుండా ఎవరూ ఇవ్వడం నేను చూడలేదు. ఫారంలో టిక్కు పెట్టి ఊరుకోకుండా, తెల్లకాగితం మీద విడిగా ఒక అర్జీ కూడా జతచేయండి.

తర్వాత విచారణ. సంస్థ స్టేషన్ నుంచి, ఆస్పత్రి నుంచి నివేదిక తెప్పించుకుంటుంది. ఒకరోజు మీ అక్కను పిలుస్తారు. టెన్షన్ పడాల్సింది ఏమీ లేదు, అది క్రాస్ ఎగ్జామినేషన్ కాదు. కార్యదర్శిగా ఉండేది జడ్జిగారే. ఏ చెయ్యి, ఏ పని చేసేవారు, ఇప్పుడు ఏం చేయలేకపోతున్నారు, ఈ మూడే అడుగుతారు. చట్టం రెండు నెలలు అన్నా స్టేషన్ నివేదిక ఆలస్యమైతే ఇక్కడా ఆలస్యమవుతుంది. నివేదిక పంపమని సంస్థ రాసిన ఉత్తరం నంబరు కనుక్కుని, దాన్ని పట్టుకుని మీరే స్టేషన్ రైటర్ దగ్గరికి వెళ్తే పని త్వరగా అవుతుంది. ఉత్తర్వు నచ్చకపోతే ముప్పై రోజుల్లో రాష్ట్ర న్యాయ సేవాధికార సంస్థకు అప్పీలు ఉంది.

మంజూరైన డబ్బు మొత్తం చేతికి రాదు, ఇది ముందే తెలుసుకోండి. 75 శాతం కనీసం మూడేళ్ళు ఫిక్స్‌డ్ డిపాజిట్‌లో వేస్తారు, 25 శాతం వాడుకోవచ్చు. అంటే 2 లక్షలు మంజూరైతే 50 వేలు చేతికి, లక్షా యాభై బ్యాంకులో, దాని వడ్డీ ఖాతాలోకి. డబ్బు వచ్చిన వారంలో బంధువులో భర్తో పట్టుకుపోకుండా పెట్టిన నియమం ఇది. నాకు నచ్చిన నియమమే. కానీ మీలా ఆస్పత్రి అప్పు ఉన్నవాళ్ళకి ఇది గుదిబండ. ఆరేడు శాతం వడ్డీకి డబ్బు బ్యాంకులో ఉంటే, ముప్పై ఆరు శాతం వడ్డీ బయట కడతారు. వైద్యం, చదువు లాంటి అత్యవసరాలకు డిపాజిట్ నుంచి ముందే తీసుకునేందుకు అనుమతించే విచక్షణ సంస్థకు ఉంది. బిల్లులు, నోటు కాపీ చూపించి, అప్పు తీర్చడానికి ఎక్కువ భాగం విడుదల చేయమని విచారణ రోజే అడగండి.

ఇరవై శాతం పెద్దమనిషి లెక్క ఇప్పుడు చూడండి. ఆయన వాటా మొత్తం మీద అడుగుతాడు, డిపాజిట్ పోగా మిగిలిన దాని మీద కాదు. 2 లక్షల్లో ఆయనకి 40 వేలు పోతే మీ అక్క చేతికి వచ్చిన 50 వేలల్లో మిగిలేది 10 వేలు. చేసిన పని భీమవరం కోర్టులో ఉచితంగా దొరికే ఫారం నింపడం. ఖాళీ చెక్కు, ఏటీఎం కార్డు అడుగుతున్నాడంటే ఇంకా చెప్పక్కర్లేదు.

ఒక అపోహ సరిచేయాలి. బాధితులకు ఏ ప్రైవేటు ఆస్పత్రైనా ఉచితంగా వైద్యం చేయాలని యూట్యూబులో చెప్తున్నారు, మీరూ అదే రాశారు. ఆ నియమం బీఎన్ఎస్ఎస్ 397లో ఉంది గానీ అది యాసిడ్ దాడి, అత్యాచారం, పిల్లల మీద లైంగిక నేరాలకు మాత్రమే. కత్తిగాయానికి వర్తించదు. కట్టిన బిల్లు ఆ సెక్షన్ చూపించి వెనక్కి అడగలేరు. అయితే ఇక ముందు జరిగే చికిత్సకు, ఉదాహరణకి రెండో ఆపరేషన్ అవసరమైతే, స్టేషన్ హౌస్ ఆఫీసరో మేజిస్ట్రేటో ఇచ్చిన సర్టిఫికెట్ మీద ఉచిత వైద్యం ఏర్పాటు చేయమని 396(6) కింద అదే సంస్థను అడగవచ్చు. కట్టిన బిల్లుల సంగతి ముఖ్యమంత్రి సహాయ నిధికి పెట్టుకోండి, ఎమ్మెల్యే కార్యాలయం ద్వారా వెళ్తుంది. ఒరిజినల్ బిల్లులు అక్కడా అడుగుతారు, ఇక్కడా అడుగుతారు. కాబట్టి ఒకచోట ఇచ్చేముందు అటెస్ట్ చేయించిన కాపీల సెట్ తీసి పెట్టుకోండి.

బ్యాంకు పాస్‌బుక్ ఒకసారి తిరగేయండి. ఏటా మే నెల చివర్లోనో జూన్‌లోనో 20 రూపాయలు కట్ అయి ఉంటే అది ప్రధానమంత్రి సురక్షా బీమా. ఒక చెయ్యి పూర్తిగా, ఎప్పటికీ పనికిరాకుండా పోతే లక్ష వస్తుంది. మీ అక్క చెయ్యి ఆ స్థాయికి వెళ్ళకూడదనే కోరుకుందాం, కానీ బ్యాంకులో ఇప్పుడే ఒక సమాచార కాగితం ఇచ్చి ఉంచండి, ఎందుకంటే ఆ క్లెయిమ్‌కి గడువు చాలా తక్కువ. ఇలాంటి దాడిలో మనిషే పోయిన ఇళ్ళవాళ్ళు ఎవరైనా ఇది చదువుతుంటే, హత్య కూడా ఆ బీమాలో ప్రమాద మరణం కిందకే వస్తుంది, 2 లక్షలు. 436 రూపాయలు కట్ అవుతుంటే అది జీవన్ జ్యోతి, ఇంకో 2 లక్షలు. దినకర్మ అయ్యేదాకా ఎవరూ పాస్‌బుక్ చూడరు, తర్వాతా ఆలస్యమై నెల గడిచిపోతుంది.

మీది కాకపోయినా ఇది చదివే మిగతావాళ్ళ కోసం రెండు ముక్కలు. బాధితులు ఎస్సీ, ఎస్టీలై, దాడి చేసినవాళ్ళు ఎస్సీ, ఎస్టీలు కానివాళ్ళైతే దారి వేరు. ఎఫ్ఐఆర్‌లో అట్రాసిటీ సెక్షన్ పడాలి, సాయం ఇచ్చేది కలెక్టరు. 2016లో సవరించిన నియమాల ప్రకారం నేరాన్ని బట్టి 85 వేల నుంచి 8 లక్షల 25 వేల దాకా ఉంది. హత్య కేసులో సగం పోస్ట్‌మార్టం కాగానే, మిగతా సగం ఛార్జ్‌షీట్ కోర్టుకి వెళ్ళగానే ఇవ్వాలి. తీర్పు దాకా ఆగక్కర్లేదు. పిల్లల మీద లైంగిక నేరాల్లో పరిహారం నిర్ణయించేది పోక్సో ప్రత్యేక కోర్టు. ఎఫ్ఐఆర్ అయ్యాక ఎప్పుడైనా మధ్యంతర పరిహారం అడగవచ్చు. యాసిడ్ దాడి అయితే విషయం సంస్థ దృష్టికి వచ్చిన పదిహేను రోజుల్లో మొదటి లక్ష అందాలి.

ఇక ప్లాంటు మేనేజరు సంతకం. పెట్టకండి, కాగితంలో ఏముందో చదవకుండా అసలు పెట్టకండి. ఆ 20 వేల వెనక ఏముందో నేను ఊహించగలను. మీ అక్క జీతం చీటీలో ఈఎస్ఐ (ఉద్యోగుల ప్రభుత్వ బీమా) కోత ఉందో లేదో చూడండి. నెలజీతం 21 వేల లోపు ఉన్నవాళ్ళకి అది ఉండాలి, మేస్త్రీ కింద పనిచేసే కాంట్రాక్టు మనుషులకైనా సరే. ఈఎస్ఐలో, పని నుంచి ఇంటికి వచ్చే దారిలో జరిగిన ప్రమాదాన్ని కూడా, సమయానికీ చోటుకీ ఉద్యోగంతో సంబంధం కనపడితే, పనిలో జరిగినట్టే లెక్కిస్తారు. దాడి ప్రమాదం కిందకి వస్తుందా అని వాళ్ళు ప్రశ్నిస్తారు. కానీ కోర్టులు హత్యను కూడా ఉద్యోగంలో ప్రమాదంగా తీసుకున్న సందర్భాలున్నాయి కాబట్టి గట్టిగా వాదించవచ్చు. ఒప్పుకుంటే పనికి వెళ్ళలేని రోజులకు జీతంలో సుమారు 90 శాతం, తర్వాత శాశ్వత వైకల్యానికి నెలనెలా సొమ్ము. రాత్రి షిఫ్ట్ అయ్యాక ఆడవాళ్ళను ఇంటిదాకా చేర్చకుండా మెయిన్ రోడ్డు మీద దింపేసిన వ్యాను సంగతి కూడా ఇందులోకి వస్తుంది. అందుకే "ఇకమీదట ప్లాంటుతో నాకెలాంటి సంబంధం, క్లెయిమ్ లేదు" అని ఒక వాక్యం ఆ కాగితంలో ఉంటుందని నా అనుమానం.

మేనేజరుతో గొడవ పెట్టుకోవద్దు. ఆ ప్లాంటులో మీవాళ్ళు ఇంకా పని చేస్తున్నారన్నారు. "సాయం చేస్తామంటే సంతోషమే అండి, బ్యాంకులో వేయండి, అందినట్టు రసీదు ఇస్తాం" అనండి. రసీదులో "వైద్య ఖర్చులకు సహాయంగా 20,000 అందింది" అని మాత్రమే రాయించి సంతకం చేయించండి. పరిహారం దరఖాస్తు అఫిడవిట్‌లో ఆ 20 వేలు చూపించండి. ఇంతకు మించి రాయమంటే ఆ కాగితం ఫోటో తీసి 15100కి చెప్పండి, లేదా భీమవరం కమిటీ ఆఫీసులో చూపించండి. జీతం చీటీలు, వ్యాను దింపిన చోటు, టైము తెలిసిన తోటి పనివాళ్ళ పేర్లు ఈ వారంలోనే రాసి పెట్టుకోండి. సీజను మారితే పీలింగ్ మనుషులు వేరే ప్లాంట్లకి వెళ్ళిపోతారు, తర్వాత వెతుక్కోవడం కష్టం.